గడ్డపార కొనకండి

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పాతికేళ్ళు ఉద్యోగం చేసి, ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని సొంతూరికి వచ్చి ఉండిపోదామనుకునేవాళ్ళు ఇప్పుడు చాలా ఊళ్ళలో కనిపిస్తున్నారు. వాళ్ళకి సలహాలిచ్చేవాళ్ళకి కొదవ లేదు. ముందు ఇల్లు కట్టు, చుట్టూ ప్రహరీ లేపు, బోరు వెయ్యి, ఇన్వర్టరు పెట్టు, కెమెరాలు బిగించు, ఎవరినీ మరీ దగ్గరికి రానీకు, డబ్బు సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు. అన్నీ ప్రేమతో చెప్పే మాటలే. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. కానీ నేను చూసినంతలో, వీటన్నిటినీ తు.చ. తప్పకుండా పాటించినవాళ్ళు కొన్నాళ్ళకే హైదరాబాదులో ఫ్లాటు వెతుక్కున్నారు. ఊళ్ళో ఎవరితోనూ పని పడకుండా బతికే ఏర్పాటు పూర్తయ్యాక ఊళ్ళో ఉండాల్సిన పనీ తీరిపోతుంది మరి.

నేను చెప్పేవి వీటికి ఎదురు మాటలు. మా ఊరి పెద్దలు కొందరు విని ‘ఇదేం సలహా’ అన్నారు. అయినా నా నమ్మకం ఇదే: పల్లెలో కుదురుకోవాలంటే పదిమందితో అవసరం పడేటట్టు బతకాలి.

మొట్టమొదట, సంక్రాంతికి రాకండి. మే నెలలో రండి. సంక్రాంతికి అందరూ వస్తారు. ముగ్గులు, అరిసెలు, కొత్త బట్టలు చూసి ‘ఇంక ఇక్కడే ఉండిపోదాం’ అనుకుంటారు. నిజానికి ఆ రోజుల్లో రైతుకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మిరపకాయ కోతకొచ్చి ఉంటుంది, పత్తి తీత ఇంకా నడుస్తుంటుంది, కూలీల కోసం తెల్లవారుజామునే ఫోన్లు మొదలవుతాయి. మీతో నవ్వుతూ మాట్లాడుతున్న బాబాయి మనసంతా కల్లంలోనే ఉంటుంది. మే నెల అలా కాదు. కాయ అమ్ముడైపోయి ఉంటుంది, లేదా కోల్డ్ స్టోరేజీకి చేరి ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డు కూడా ఎండలకి సెలవులిస్తుంది. రాష్ట్రంలో ఎండలంటే ముందు తలుచుకునే రెంటచింతల మన పల్నాడులోనే ఉంది. పది దాటితే బజార్లో పిట్ట కూడా కనపడదు. అప్పుడే వేపచెట్టు కింద మంచాలు పడతాయి, వచ్చే ఏడాది కౌళ్ళ మాటలు తెగుతాయి, పాత బాకీలు, పాత తగాదాలు, పెళ్ళి సంబంధాలు అన్నీ బయటికొస్తాయి. ఊరు మీతో తీరిగ్గా మాట్లాడేది అప్పుడే. ఎండకి తట్టుకోలేక వెనక్కి వెళ్ళిపోతే పోయేది విమానం టికెట్టు డబ్బులే. ఇల్లు కట్టాక తట్టుకోలేకపోతే చాలా పోతుంది.

ఇక గడ్డపార సంగతి. కొత్తగా కాపురం పెట్టేవాళ్ళు సామాను జాబితా రాసుకుంటారు కదా, అందులోంచి గడ్డపార, నిచ్చెన, పెద్ద గుండిగ, మందు కొట్టే పంపు కొట్టేయండి. కొనగలిగి కూడా కొనకండి. అవసరమైనప్పుడు పక్కింటికి వెళ్ళి అడగండి. మొహమాటంగానే ఉంటుంది. విదేశాల్లో మనం నేర్చుకున్నది ఎవరినీ ఏమీ అడక్కపోవడం. ఇక్కడ అడగనివాణ్ణి గర్విష్ఠి అంటారు, ఆ మాటలో న్యాయముంది. మా ఎదురింటి పెదనాన్న ఇచ్చిన గడ్డపార మొన అరిగి మొద్దుబారి ఉంది. కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి, కొలిమిలో కాల్చి మొన కొట్టించి తిరిగిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో మొన తడిమి చూసి, ‘నువ్వెందుకు కొట్టించావయ్యా, నేనే పోదునుగా’ అన్నాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మ ఇత్తడి గిన్నెలో కొరివికారం పంపింది. ఆ గిన్నె కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కాబట్టి అందులో ఏదో ఒకటి వండి పెట్టి ఇచ్చాం. ఆ తర్వాత పెదనాన్నకి కంటి పరీక్షకు గుంటూరు వెళ్ళాల్సొస్తే మా కారు అడిగాడు. లెక్క అలా నడుస్తూనే ఉంది.

నడవాలి కూడా. ఎవరైనా సాయం చేస్తే ఆ సాయంత్రానికే ఏదో ఒకటి కొనిచ్చి చెల్లు చేసేయకండి. చెల్లు చేయడమంటే ‘నీకూ నాకూ ఇంక ఏమీ లేదు’ అని చెప్పడమే. కొంచెం బాకీ ఉండనివ్వండి. ఒకసారి మీరు పడండి, ఒకసారి వాళ్ళు పడతారు.

చందాల దగ్గరా ఇదే. మీరొచ్చారని తెలియగానే రామాలయానికనో, వాటర్ ప్లాంటుకనో, బడి గోడకనో వస్తారు. ఇవ్వొద్దనడం లేదు. మొదటి ఏడాది మాత్రం ఇంటికింత అని ఊరు పెట్టుకున్న మొత్తమే మీరూ ఇవ్వండి. పిసినారి అన్నా పడండి. శిలాఫలకం మీద మొదటి పేరు మీదైతే ఆ తర్వాత గడ్డపార అడగడానికి వెళ్ళలేరు. ఊరికి దాత కావచ్చు గానీ, పొరుగువాడయ్యాక కావచ్చు.

మిమ్మల్ని ఊరు నిలబెట్టి ప్రశ్నలడుగుతుంది. ‘నెలకెంతొచ్చేది? ఎంత వెనకేశావు? ఇల్లు అమ్మొచ్చావా, అద్దెకిచ్చొచ్చావా? పిల్లోడికి పెళ్ళెందుకు కాలా?’ పిల్లలు అక్కడే పుట్టి పెరిగినవాళ్ళయితే ఈ మాటలకి బిక్కచచ్చిపోతారు. డబ్బు మాట దాటేయమని అందరూ చెబుతారు. నా సలహా, నిజం చెప్పండి. దాస్తే ఊరు మీ ఆస్తిని పదింతలు చేసి చెప్పుకుంటుంది, మీరు చెబితే ఉన్నదే చెప్పుకుంటుంది. చెప్పాక మీరూ అడగండి. ఎకరాకి ఎన్ని క్వింటాళ్ళయినయ్యి, తాలు ఎంత పోయింది, యార్డులో ఏ రేటు పడింది, కమీషన్ కొట్లో బాకీ ఎంతుంది? ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో కుర్చీ వేస్తారు.

ఆ లెక్కలు వినడం మొదలుపెడితే ఈ నేల మీద బతుకు ఎంత ఎగుడుదిగుడో తెలుస్తుంది. 2017లో మిర్చి ధర కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 5,000 రూపాయలు కట్టింది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ ధర పడిపోతే అదే పథకం కింద 11,781 రూపాయలుగా నిర్ణయించింది. ఈ రెంటికీ మధ్య మంచి ధర వచ్చిన ఏళ్ళున్నాయి, ఆ మంచి ధరకి అమ్ముకోవడానికి కాయే లేని ఏళ్ళూ ఉన్నాయి. 2021 చలికాలంలో నల్ల తామర పురుగు పూతనంతా మాడ్చేస్తే చేలకి చేలే పీకేసుకున్నారు. అంతకుముందు పత్తి. 1987-88లో తెల్లదోమ ఈ రెండు జిల్లాల పత్తి రైతుల్ని ముంచేసింది. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది, అప్పూ పెరిగింది. ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు అప్పుడే ఈ నేల నుంచి దేశమంతా విన్నది. మీరు విదేశాలకి వెళ్ళకముందూ, వెళ్ళాకా ఊరు గడిచిన దారి ఇది. జీతం ఎంతని అడిగినందుకు నొచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇల్లు. మొదటి వానాకాలం గడవకుండా పునాది తియ్యకండి, ప్రహరీ అసలే కట్టకండి. ఇది మనుషుల సంగతే కాదు, మట్టి సంగతి కూడా. మనది నల్లరేగడి. తడిస్తే పొంగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం చేలో నెర్రెల్లోకి చెయ్యి దూరుతుంది. ఆ మట్టి మీద తక్కువ లోతు పునాదితో కట్టిన గోడ నిలవదు. అందులోనూ ప్రహరీ బరువు తక్కువ, పొడుగెక్కువ. ముందు పగిలేది అదే. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బుగా ఉండే పైల్ పునాదుల పద్ధతి తయారుచేసింది. మనూళ్ళలో రేగడి తవ్వేసి గ్రావెల్ తోలి కడతారు. ఏది చేయాలన్నా మీ స్థలంలో నీళ్ళు ఎటు పారతాయో, ఎక్కడ నిలుస్తాయో ఒక వానాకాలం కళ్ళారా చూడాలి. అందాకా తాతలనాటి పెంకుటింట్లోనే ఉండండి. పెంకులు సర్దించుకోండి, ఒక బాత్‌రూము కట్టించుకోండి, చాలు.

ప్రహరీ బదులు దడి కట్టి దొండతీగ పాకించండి. వీధి వైపు అరుగు ఉంటే బాగుచేయించండి, లేకపోతే కట్టించండి. పొద్దు వాలాక ఎవరో ఒకరు వచ్చి దాని మీద కూర్చుంటారు. మీరు ఎవరితో ఫోన్లో మాట్లాడేదీ, రాత్రి ఏం వండుకున్నదీ ఊరికి తెలిసిపోతుంది. ఏకాంతం పోతుంది, అది నిజంగా నష్టమే. నా భార్య ఇప్పటికీ దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు, ఆమె బాధలో నిజముంది. కానీ నాకు జ్వరమొచ్చి లేవలేకపోయిన రోజు తలుపు తట్టినవాళ్ళంతా ఆ అరుగు మీద కూర్చునేవాళ్ళే.

భూమి దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ ఊరంతా ఒక్క గొంతుతో తప్పు సలహా ఇస్తుంది. ఎన్నారైలూ, వేరే దేశం పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళూ విదేశీ మారక చట్టం ప్రకారం వ్యవసాయ భూమి కొనకూడదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అదీ ఇక్కడుండే భారత పౌరుడికే. ‘మీ బావ పేరు మీద కొను, ఏం కాదు’ అంటారు. కొనకండి. అది బినామీ అవుతుంది, పైగా బావనీ పోగొట్టుకుంటారు. కొనుక్కోలేకపోవడం అంత కష్టమేం కాదు. ఉన్న రెండెకరాలనీ చక్కగా చూసుకోవడానికే ఒక మనిషి ఓపిక సరిపోదు.

ఆ రెండెకరాలు ఎవరో ఒకరు కౌలుకి చేస్తూనే ఉంటారు. అసలు మాట ఇక్కడుంది. కౌలు రైతుకి కాగితం ఇవ్వొద్దని అందరూ చెబుతారు, ఇస్తే భూమి పోతుందని భయపెడతారు. నేను ఇవ్వమంటాను. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం చేసింది. ఈ చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. అది పంట మీద హక్కు, భూమి మీద కాదు. దానికి యజమాని ఒప్పుకోవాలి, ఎక్కువమంది ఒప్పుకోరు. ఆ కాగితం లేని కౌలు రైతుకి బ్యాంకులో పంట రుణం దొరకడం, పంట పోతే పరిహారం రావడం కష్టం. మిరపకి ఎకరాకి లక్షల్లో పెట్టుబడి. బ్యాంకు లేకపోతే కమీషన్ కొట్టే దిక్కు, నూటికి రెండు రూపాయల నెల వడ్డీ. అప్పిచ్చిన కొట్లోనే కాయ అమ్మాలి, వాళ్ళు చెప్పిన రేటుకే. పంట పోతే నష్టమంతా అతనిది, కౌలు డబ్బులు మాత్రం మీవి. మీరు పదివేల మైళ్ళ అవతల ఉన్నన్నాళ్ళూ మీ భూమిని గడ్డి మొలవకుండా కాపాడింది ఆ మనిషే. అతని పక్కన నిలబడి సంతకం పెట్టడానికి వెనకాడితే, ఊరి మీద ప్రేమ అని మనం చెప్పుకునేది దేని మీద?

తగాదా వస్తుంది. మీ పాలివాళ్ళే వచ్చి ‘నువ్వు పెడితే రేపు మా కౌలుదార్లూ అడుగుతారు’ అని కోప్పడతారు. అడగనివ్వండి.

మిరప వెయ్యండి. ఇదీ వద్దనే చెబుతారు, మామిడో జామాయిలో వేసుకుని నిశ్చింతగా ఉండమంటారు. మీ కౌలు రైతుని అడిగి గట్టు పక్కన పది సెంట్లు తీసుకుని స్వయంగా వెయ్యండి. డబ్బు రాదు, వస్తుందనుకోకండి. లాం ఫారం నుంచి వచ్చిన 334 రకమో, ఘాటు కావాలంటే తేజానో, నర్సరీ నుంచి నారు తెచ్చి భాద్రపదంలో నాటండి. ఆకు ముడుచుకుంటే బొబ్బర తెగులేమోనని గుండె జారుతుంది. ఆకు తిప్పి పురుగు కోసం వెతుకుతారు. పక్క చేలో మావయ్య వచ్చి ఒక కొమ్మ వంచి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఈ భయం ఊరందరికీ ఉన్నదే. అది మీకూ పట్టాకే ఊళ్ళో మాటలు మీకు అర్థమవుతాయి.

కాయ మీరే కొయ్యండి. మధ్యాహ్నానికి వేళ్ళు మండుతాయి. నీళ్ళతో కడిగితే మంట తగ్గదు, ఎందుకంటే మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు నూనె బాగా రుద్దుకుని తర్వాత సబ్బుతో కడగాలి. కళ్ళ దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. కల్లంలో పట్టా మీద కాయ ఎండబోసి, పూట పూటకీ తిరగేసి, తాలు కాయలు ఏరుతున్నప్పుడు తుమ్ములు ఆగవు. ఏరే ఆడవాళ్ళు మిమ్మల్ని చూసి నవ్వుతారు. మీ వేళ్ళ కన్నా వాళ్ళ వేళ్ళు ఎంత వేగంగా నడుస్తాయో అప్పుడు చూడొచ్చు. రంగు తేలిన కాయని కళ్ళతో కాదు, చేతికి తగిలే తేలికదనంతో పట్టేస్తారు.

ఇంకో సంగతి. మిరప ఈ నేలది కాదు. మెక్సికోలో జనం వేల ఏళ్ళ కిందట మచ్చిక చేసుకున్న మొక్క అది, పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరానికొచ్చింది. ఇప్పుడు చేలన్నిటా కనిపించే అమెరికన్ జాతి పత్తి పుట్టిల్లూ ఆ వైపే. మొక్కజొన్నా అక్కడిదే. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పరాయి నేల నుంచి వచ్చినవి ఇంతగా ఈ ఊరివైపోయాక, ఇక్కడే పుట్టి తిరిగొచ్చిన మనిషి నేను పరాయివాణ్ణి అని దిగులుపడటం నాకు నచ్చదు. అదే మెక్సికోలో చపాలా సరస్సు ఒడ్డున అహీహీక్ అనే ఊళ్ళో అమెరికా, కెనడాల నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి సొంత సంఘం, ఇంగ్లీషు పుస్తకాల గ్రంథాలయం ఉన్నాయి. వాళ్ళకది అవసరం, భాష వేరు కదా. మనకి భాష అడ్డం లేదు. కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళలో మీలా తిరిగొచ్చినవాళ్ళని వెతుక్కుంటూ మొదటి ఏడాదే వెళ్ళకండి. ఇద్దరు కలిస్తే మళ్ళీ డాలస్ కబుర్లే.

చావులకి వెళ్ళండి, చనిపోయినవాళ్ళు తెలిసినా తెలియకపోయినా. పెళ్ళికి పిలవాలి, చావుకి పిలుపుండదు. కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభ కట్టే పని మీ ఊళ్ళో ఉంటే అక్కడికీ వెళ్ళండి, ఫొటోలు తీయడానికి కాదు, తాడు పట్టుకోవడానికి. కరెంటు పోతుంది, వేసవిలో సాగర్ నీళ్ళ చెరువు అడుగంటితే కుళాయి రెండు మూడు రోజులకోసారి వస్తుంది, వానాకాలం చెప్పులకి రేగడి శేరు బరువు అంటుకుంటుంది. వీటి గురించి ఎక్కువ చెప్పను. అలవాటైపోతాయి.

ఆఖరి సలహాకే ఊళ్ళో ఎక్కువ వ్యతిరేకత వచ్చింది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకాయ కోతకి కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే వలస వస్తాయి. అక్కడ వాన మీద ఆధారపడ్డ పంట అయిపోయాక పని ఉండదు. గిన్నెలు, దుప్పట్లు, కోళ్ళు, చంటిపిల్లలతో దిగి, చేల పక్కన పట్టాలు కట్టుకుని ఉంటారు. వలస పిల్లల కోసం వాళ్ళ ఊళ్ళలో సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు, అయినా చంటివాణ్ణి చూసుకోవడానికని ఎనిమిదేళ్ళ అక్కని బడి మాన్పించి తెచ్చినవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. ఇంకా తెల్లారకముందే కల్లం వైపు నుంచి జొన్నరొట్టె తట్టే చప్పుడు వినపడుతుంది. ఈ ఊళ్ళో నిజంగా పరాయివాళ్ళు వాళ్ళు. కష్టం గురించి మనం మాట్లాడితే వాళ్ళ తర్వాతే మాట్లాడాలి.

మీ బాత్‌రూము, మీ కుళాయి వాళ్ళ ఆడవాళ్ళకి తెరిచి పెట్టండి. చేల మధ్య వాళ్ళకి అన్నిటికన్నా కరువైంది అదే. సామాన్లు పోతాయని చెబుతారు. మా ఇంట్లో ఏమీ పోలేదు. సాయంత్రం పిల్లలు అరుగు మీదికొస్తే ఓ గంట చదివించండి. మీ పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళతోనే ఆడుకోనివ్వండి. కూలి లెక్కల్లో తేడా వచ్చి మేస్త్రీతో మాట పెరిగితే, కాటా ఎంత చూపించిందో రాసిపెట్టమన్నప్పుడు రాసివ్వండి.

ఏప్రిల్‌లో వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఫోన్ నంబరు తీసుకోండి, తర్వాత ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళండి. నరసరావుపేటలోనో వినుకొండలోనో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నల్లమల దాటి గుంతకల్లు చేరుస్తుంది, అక్కడి నుంచి ఆదోనికి రైలుంది. పత్తికి పేరున్న ఆ ఊరి మార్కెట్టూ చూడొచ్చు. వాళ్ళింట్లో భోజనం చెయ్యండి. వచ్చేటప్పుడు జొన్నలు మూటగట్టి ఇస్తే వద్దనకండి, డబ్బూ ఇవ్వబోకండి. మళ్ళీ జనవరిలో వస్తారుగా, అప్పుడు చూసుకోవచ్చు.